సార్వా చేలో ఒక పగలు

గట్టు మీద చెప్పులు విడిచి మడిలోకి దిగండి. నీళ్లు చీలమండ దాటి ఆగుతాయి. బురద మెత్తగా వేళ్ల సందుల్లోకి ఎక్కుతుంది. పశ్చిమ గోదావరి డెల్టాలో భాద్రపద మాసం, ఖరీఫ్ పంట సార్వా నాట్లు పడి నెల దాటింది. చేనంతా స్వర్ణ వరి, మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029. దుబ్బులు పిలకలు వేస్తున్నాయి గాని ఇంకా కమ్ముకోలేదు, వరుసల మధ్య నీళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. పొద్దున పది గంటలు. రాత్రి పడ్డ వాన వెలిసింది. సముద్రం వైపు తెల్లమబ్బులు ముక్కలు ముక్కలుగా లేస్తున్నాయి.

పై ఆకు ఒకటి రెండు వేళ్ల మధ్య పట్టుకోండి. అంచు గరగరలాడుతుంది. ఆకు మటుకు చల్లగా తగులుతుంది. పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతున్నందువల్ల వచ్చిన చల్లదనం అది. తెల్లారినప్పటి నుంచి ఆ రంధ్రాలు తెరుచుకునే ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోతోంది, నీటి ఆవిరి బయటికి వస్తోంది. ఈ వేళప్పుడు ఆకుకు అంతా సవ్యమే. పడ్డ వెలుగులో చాలా భాగం పనికొస్తోంది, చక్కెర తయారవుతోంది.

పన్నెండు దాటనివ్వండి. తల మీద ఎండ మాడుస్తోంది, నీళ్ల మీది మెరుపుకు కళ్లు చిట్లించక తప్పదు. మీరు తువ్వాలు నెత్తిన వేసుకోవచ్చు, గట్టు మీది కొబ్బరి నీడకు పోవచ్చు. ఆకు ఎక్కడికీ పోలేదు. ఎండకు ఎదురుగా ఉన్న ఆకు మీద మీ బొటనవేలి గోరంత మేర, అంటే చదరపు సెంటీమీటరులో, సెకనుకు 1200 కోట్ల కోట్ల కాంతి కణాలు పడుతున్నాయి. అందులో సగాన్ని కూడా వరి ఆకు చక్కెర చేసుకోలేదు. కార్బన్‌ను పట్టుకునే రూబిస్కో అనే ఎంజైమ్ నిదానం మనిషి, సెకనుకు మూడు అణువులకు మించి పెద్దగా పట్టలేదు. పైగా వేడి పెరిగేకొద్దీ తికమకపడుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను అందుకోవలసిన చోట నాలుగైదుసార్లకు ఒకసారి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, ఆ పొరపాటు సరిదిద్దడానికి మళ్లీ శక్తి ఖర్చు. దానికి తోడు గాలి వేడెక్కి పొడిబారిందంటే పత్రరంధ్రాలు కొంత ముడుచుకుంటాయి. రాబడి తగ్గుతుంది, వెలుగు మాత్రం తగ్గదు.

పని లేని వెలుగు ఊరికే ఉండదు. పత్రహరితం అణువు ఒక కాంతి కణాన్ని మింగితే, ఆ ఉద్రేకాన్ని కొన్ని నానోసెకన్లలో ఎవరికో ఒకరికి అప్పగించాలి. తీసుకునేవారు లేకపోతే అది పక్కనున్న ఆక్సిజన్‌కు తగులుతుంది. అలా రెచ్చిన ఆక్సిజన్ దగ్గర ఉన్నదాన్నల్లా కాలుస్తుంది. తిండి పెట్టే వెలుగే విషమయ్యే ఘడియ ఇది. మొక్కను గురించి నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంగతి ఇదే: ఆకు నేర్పంతా వెలుగును పట్టుకోవడంలో ఉందని మనం బళ్లో చదువుకున్నాం, కాని అందులో సగం నేర్పు వెలుగును వదిలించుకోవడంలో ఉంది.

ఇప్పుడు ఆకు లోపలికి రండి. హరితరేణువులో దొంతరలుగా పేర్చిన పల్చని పొరలు, వాటి లోపలి సందులో నీరు. నీటి అణువులు విరిగినకొద్దీ ఆ సందులో ప్రోటాన్లు పోగవుతున్నాయి. పొద్దున అవి వచ్చినవి వచ్చినట్టే బయటికి పోయేవి, పోతూ పోతూ శక్తి అణువులను తయారుచేసేవి. ఇప్పుడు లోపలికి వచ్చేవి ఎక్కువ, పోయేవి తక్కువ. సందు పుల్లబడుతోంది, పీహెచ్ 6 కిందికి జారుతోంది. ఆ పులుపే ఆకుకు హెచ్చరిక. దాన్ని పీఎస్‌బీఎస్ అనే ప్రోటీన్ సెకన్లలో పసిగడుతుంది. అంతవరకు ముడుచుకుని ఉన్న ఒక ఎంజైమ్ మేల్కొని, వయోలజాంథిన్ అనే పసుపు వర్ణకాన్ని కొద్ది నిమిషాల్లో జియాజాంథిన్‌గా మారుస్తుంది. ఈ వర్ణకాల చక్రాన్ని 1962లోనే యమమోటో, ఆయన సహచరులు వివరించారు. మొక్కజొన్న గింజకు పసుపు తెచ్చేదీ, మన కంటి రెటీనా నడుమ నిలిచి కాపాడేదీ ఈ జియాజాంథినే.

వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట గేట్లెత్తి మిగులు నీటిని సముద్రంలోకి వదిలేస్తారు చూడండి, ఆకు చేసే పని అలాంటిదే. జియాజాంథిన్ చేరగానే వెలుగును పోగుచేసే ప్రోటీన్ల అమరిక మారిపోతుంది. పట్టుకున్న వెలుగులో సగానికి పైగా పనిలోకి దిగకుండానే వేడిగా జారిపోతుంది. ఇంతా చేసినా కొంత నష్టం తప్పదు. నీటిని విరిచే యంత్రం గుండెకాయలో డీ1 అనే ప్రోటీన్ ఉంటుంది, వెలుగుకు ముందు దెబ్బతినేది అదే. ఆకు దాన్ని ఊడదీసి, పాతది తునకలు చేసి, కొత్తది అల్లి అక్కడే బిగిస్తుంది. ఈ మరమ్మతు పగలల్లా నడుస్తూనే ఉంటుంది.

ఒక్క చిటికెడు వెలుగు, నూటికి ఒకటో రెండో వంతులు, ఎరుపు రంగులో ఆకు నుంచి తిరిగి బయటికి వస్తుంది. ఈ ఎండలో మీ కంటికి ఆనదు గాని చేనంతా ఎర్రగా మినుకుమంటోంది. 2014లో నాసా పంపిన ఓసీఓ-2 ఉపగ్రహం ఆ మినుకునే ఆకాశం నుంచి కొలుస్తుంది.

చల్లగాలి తగిలింది. తలెత్తి చూడండి, మబ్బు వచ్చేసింది. దాని నీడ పక్క చేల మీదుగా పరుగెత్తుకొచ్చి మిమ్మల్ని దాటిపోయింది. కొన్ని సెకన్లలో వెలుగు నాలుగో వంతుకో ఐదో వంతుకో పడిపోయింది. మీకు హాయిగా ఉంది. ఆకు సంగతి వేరు. వరద తీసింది గాని గేట్లు ఇంకా ఎత్తే ఉన్నాయి. సందులోని పులుపు త్వరగానే విరుగుతుంది, పీఎస్‌బీఎస్ సద్దుమణుగుతుంది, జియాజాంథిన్ మాత్రం అలాగే కూర్చుని ఉంటుంది. అది తిరిగి వయోలజాంథిన్ కావడానికి పదుల నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి గంటలు. ఈలోగా వచ్చే కాస్త వెలుగు ఎంతో విలువైనది. అందులోనూ ఒక భాగం వేడిగా పోతూనే ఉంది. మబ్బు తొలగింది, ఎండ మళ్లీ కొట్టింది. ఇంకో మబ్బు. మళ్లీ ఎండ. ఈ దాగుడుమూతల్లో ఆకు ప్రతిసారీ ఒక అడుగు వెనకే ఉంటుంది. పంట మొక్కలు రోజుకు కూడబెట్టగలిగిన కార్బన్‌లో 7.5 నుంచి 30 శాతం దాకా ఈ ఆలస్యానికే పోతుందని కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి.

గట్టు మీద గడ్డి కోస్తున్న పెద్దాయన నడుం నిలిపి ఆకాశం వంక చూస్తాడు. "సార్వాకి ఈ మబ్బులే శత్రువులండి. దాళ్వాకైతే ఎండ తిన్నగా కాస్తాది, గింజ బాగా పాలు పోసుకుంటాదండి," అంటాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నీటికి కొదవలేని డెల్టాలో రబీ పంట దాళ్వా దిగుబడి సార్వాను మించడానికి పెద్ద కారణం ఎండే. మబ్బు రోజుల్లో మొత్తం వెలుగు తక్కువ, దాని మీద ఆకు ఆలస్యం ఒకటి.

ఆ ఆలస్యాన్ని తగ్గించగలమా అని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ లాంగ్, కాలిఫోర్నియాలో కృష్ణ నియోగి బృందాలు కలిసి పనిచేశాయి. గేట్లు ఎత్తడానికీ దించడానికీ పనికొచ్చే మూడు జన్యువులను పొగాకు మొక్కల్లో అదనంగా పెట్టారు. పొలంలో ఆ మొక్కల ఎండు బరువు సుమారు 15 శాతం పెరిగింది. 2016లో సైన్స్ పత్రికలో ఆ ఫలితం వచ్చింది. తర్వాత అలాంటి జన్యువులనే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పెట్టి చూస్తే ఎదుగుదల పెరగలేదు. అంటే ఇది ఏ మొక్కకా మొక్క విడిగా తేల్చుకోవలసిన సంగతి. అయినా ఈ దారి విడవకూడదనే నేను గట్టిగా నమ్ముతాను. ఆకు జాగ్రత్తను తప్పుపట్టడానికి లేదు, అడవి గడ్డిగా ఉన్న రోజుల్లో బతికి నాలుగు గింజలు రాలిస్తే దానికి చాలు. ఇక్కడ నీరు పెట్టేవాళ్లున్నారు, ఎరువు వేసేవాళ్లున్నారు. మిగిలిన కొరత వెలుగుదే.

వంగండి, ఇంకా కిందికి. దుబ్బు మొదట్లో ముఖం పెట్టండి. ఇక్కడ గాలి ఆడదు, బురద వాసన, ఆకుపచ్చని మసక వెలుతురు. పై ఆకులు ఎరుపునూ నీలాన్నీ తినేశాయి, కిందికి దిగింది కొంత పచ్చ, మన కంటికి ఆనని దూర ఎరుపు. ఈ అడుగు ఆకులు వెలుగును పట్టే ప్రోటీన్ల మీద ఎక్కువ, రూబిస్కో మీద తక్కువ ఖర్చు పెట్టుకుంటాయి. కిరణజన్య సంయోగక్రియలో ఒకదాని తర్వాత ఒకటిగా పనిచేసే రెండు కేంద్రాలున్నాయి. దూర ఎరుపు ఒకటో కేంద్రానికే పనికొస్తుంది, రెండోది ఆకలితో ఉంటుంది. అప్పుడు వెలుగును పోగుచేసే ప్రోటీన్ల గుంపు ఒకటి పొర మీద జరుగుతూ వెళ్లి రెండో కేంద్రాన్ని అంటుకుంటుంది. నిమిషాల్లో జరిగిపోయే ఈ సర్దుబాటును 1969లో జపాన్‌లో మురాటా, అమెరికాలో బొనవెంచురా, మైయర్స్ విడివిడిగా కనిపెట్టారు.

మూడు గంటలైంది. వరుసల మధ్య ఖాళీలో నీళ్ల మీద పచ్చటి తెట్టు తేలింది. పొద్దున ఇది అడుగున బురదకు అంటుకుని ఉంది. దాని నిండా బుడగలు. వేలితో కదపండి, చిటచిటలాడుతూ విడిపోతాయి. అది ఆక్సిజన్, ఆ బుడగలే తెట్టును పైకి లేపాయి. ఇందులో రకరకాల నాచులున్నాయి. మనకు కావలసినవి నీలి ఆకుపచ్చ నాచులు. పేరుకు నాచు, నిజానికి బ్యాక్టీరియా. నాస్టాక్, అనబీనా, టోలిపోత్రిక్స్, ఆలోసైరా. వరి మడికి గాలిలోంచి నత్రజని తెచ్చిపెట్టేవి ఇవేనని 1939లో పి.కె. డే వెల్లడించారు. కాశీలో ఆర్.ఎన్. సింగ్ వీటితో చౌడు భూములను బాగుచేసే ప్రయత్నాలను 1950లో నేచర్ పత్రికలో ప్రకటించారు.

ఈ నీళ్లలో పీహెచ్ పొద్దున 7 దరిదాపుల్లో ఉంటే ఇప్పుడు 9 దాటి ఉండవచ్చు. నాచులన్నీ కలిసి నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఖాళీ చేశాయి. నిలవ నీళ్లలో మధ్యాహ్నం యూరియా చల్లితే నత్రజని అమ్మోనియా వాయువై లేచిపోవడానికి కారణం ఈ పీహెచ్ పెరుగుదలే. కార్బన్ ఇప్పుడు బైకార్బనేట్ రూపంలోనే ఎక్కువ మిగిలింది. అనబీనా దానికి సిద్ధంగానే ఉంది. కణపొరలోని పంపులతో బైకార్బనేట్‌ను లోపలికి లాగి, కార్బాక్సిసోమ్ అనే ప్రోటీన్ డొల్లలో మళ్లీ కార్బన్ డయాక్సైడ్ చేసి, అక్కడే బంధించి ఉంచిన రూబిస్కో నోటికి అందిస్తుంది. లోపలి కార్బన్ సాంద్రత బయటికంటే వెయ్యి రెట్ల దాకా పోగలదు. ఆక్సిజన్‌తో తికమకపడే అవకాశం రూబిస్కోకు ఇక్కడ దాదాపు లేదు. కార్బన్ కొరత పడినకొద్దీ ఈ జీవి కొన్ని గంటల్లో అదనపు పంపులు దించుకుంటుంది. ఈ అమరికను వరి హరితరేణువులోకి తేవాలనే కోరిక శాస్త్రవేత్తలకు ఊరికే పుట్టలేదు.

మండుటెండను వదిలించుకునే పద్ధతీ దీనికి వేరే ఉంది. ఇందులో వయోలజాంథిన్ చక్రం లేదు. నారింజ రంగు ప్రోటీన్ ఒకటి నీలి వెలుగు గట్టిగా తగలగానే ఎర్రబడి, వెలుగును పట్టే నీలి గుత్తులకు అతుక్కుని మిగులు వెలుగును వేడిగా వదిలేస్తుంది. ఫ్రాన్స్‌లో డయానా కిరిలోవ్‌స్కీ బృందం 2006లో దీని పాత్రను బయటపెట్టింది. వరి ఆకు పులుపును చూసి మేల్కొంటే, ఈ ప్రోటీన్ నేరుగా వెలుగునే చూస్తుంది.

టోలిపోత్రిక్స్‌ది ఇంకో విద్య. ఇంకో రెండు మూడు వారాల్లో ఈ చేను కమ్ముకుంటుంది, నీళ్ల మీదికి పచ్చని వెలుగే ఎక్కువగా దిగుతుంది. అప్పుడు ఇది ఎరుపును తినే నీలి వర్ణకాన్ని తగ్గించి, పచ్చను తినే ఎర్ర వర్ణకాన్ని పెంచుకుంటుంది. కొద్ది రోజుల్లో పోగు పోగంతా గోధుమ ఎరుపుకు తిరుగుతుంది. మళ్లీ ఎర్ర వెలుగులో పెడితే మళ్లీ నీలం. 1902 ప్రాంతంలోనే గైదుకోవ్ ఇలాంటి రంగుమార్పును నమోదు చేశాడు.

అనబీనా దారాన్ని భూతద్దానికి అందనంత దగ్గరగా చూడగలిగితే, పూసల్లాంటి కణాల వరుసలో పదింటికో పదిహేనింటికో ఒకటి లావుగా, లేత రంగులో కనిపిస్తుంది. నత్రజనిని పట్టే ఎంజైమ్ ఆక్సిజన్ సోకితే చచ్చిపోతుంది. అందుకని ఈ కణం ఆక్సిజన్‌ను వెలువరించే రెండో కేంద్రాన్నే మానుకుంది, దళసరి గోడ కట్టుకుంది. తిండికి పక్క కణాల మీద ఆధారపడి, బదులుగా వాటికి నత్రజని ఇస్తుంది. కిరణజన్య సంయోగక్రియలో సగాన్ని తనంతట తాను వదులుకున్న కణం ఇది. మళ్లీ విభజన చెందదు కూడా.

పొద్దు వాలింది. వెలుగు ఆగిన కొద్ది నిమిషాల్లోనే వరి ఆకులో చక్కెర చేసే ఎంజైమ్‌లు కొన్ని ఒకదానికొకటి అతుక్కుని పని ఆపేశాయి. లేకపోతే పగలు కూడబెట్టిన శక్తి రాత్రి వృథాగా తిరుగుతూ కరిగిపోతుంది. కప్పలు మొదలెట్టాయి. మీరు గట్టెక్కి కాళ్లు కడుక్కోవచ్చు.

నీళ్లలో బ్యాక్టీరియాకు మటుకు రాత్రి ఎంత గడిచిందో తెలుసు. వీటి కుటుంబంలో సైనెకోకాకస్ అనే ఒంటికణ జీవి ఉంది. అందులో కైఎ, కైబి, కైసి అనే మూడు ప్రోటీన్లు గడియారంగా పనిచేస్తాయి. 2005లో నగోయాలో తకావో కొండో బృందం ఆ మూడింటినీ శక్తి అణువులతో పాటు పరీక్షనాళికలో కలిపితే, జీవకణమే లేకుండా, కైసి మీద ఫాస్ఫేట్ ఎక్కడం దిగడం సుమారు 24 గంటల లయలో సాగింది. ఈ గడియారం ఉన్నందువల్లే తెల్లవారాక కావలసిన పనిముట్లను అది ముందే సిద్ధం చేసుకోగలుగుతుంది.

దానివల్ల లాభమెంతో 1998లో అమెరికాలో కార్ల్ జాన్సన్ బృందం పరీక్షించింది. సుమారు 23 గంటల గడియారం ఉన్న రకాన్నీ, 30 గంటలది ఉన్న రకాన్నీ మామూలు రకంతో కలిపి పెంచారు. పదకొండేసి గంటల పగలు రాత్రుల్లో పొట్టి గడియారం రకం నెగ్గింది. పదిహేనేసి గంటలు చేస్తే పొడుగుది నెగ్గింది. తర్వాత గడియారం చెడిన రకాలతోనూ పోటీ పెట్టారు. పగలు రాత్రీ మారుతున్నప్పుడు అవి ఓడిపోయాయి. వెలుగు ఆరకుండా ఉంచినప్పుడు మాత్రం ఓడిపోలేదు.