షేక్‌స్పియర్ అనువాదం, బళ్ళారి రంగస్థలం: ఆదోని ప్రాంత నాటకచరిత్రకు ఒక చేర్పు

ప్రవేశిక

ఆంగ్ల నాటకాల తెలుగు అనువాద చరిత్ర ప్రధానంగా కోస్తా ప్రాంతం నుండే మొదలవుతుంది. 1870ల నడుమ వావిలాల వాసుదేవశాస్త్రి ‘జూలియస్ సీజర్’ను ‘సీజరు చరిత్రము’గా పద్యరూపంలో తెనిగించారు. 1880లో కందుకూరి వీరేశలింగం ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా మలచి, రాజమండ్రిలో తమ విద్యార్థులచేత ప్రదర్శింపజేశారు. మొదటిది పఠనానికే పరిమితం కాగా, రెండవది పేర్లనూ వాతావరణాన్నీ దేశీయం చేసి రంగస్థలం మీద నిలిచింది. అనువాదమంటే మాటల మార్పిడి మాత్రమే కాదని ఈ తేడా తెలుపుతుంది.

బళ్ళారి మార్గం

బళ్ళారి నాటకకర్తలు వేరొక మార్గం తొక్కారు. సరసవినోదినీ సభకు సారథి అయిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఆంగ్ల నాటకం నుండి కథను గాక విషాదాంతాన్ని స్వీకరించారు. జనశ్రుతిలోని సారంగధరుడు కాలుచేతులు కోల్పోయినా సిద్ధుని మహిమతో తిరిగి పొందుతాడు. ‘విషాద సారంగధర’లో ఆ ఊరట లేదు. మంగళాంతమే నియమంగా ఉన్న సంస్కృత నాటక సంప్రదాయంలో పెరిగిన ప్రేక్షకుని ముందు నాయకుని మరణాన్ని నిలపడం సాహసమే. తెలిసిన కథ కావడం వల్లనే ఆ కొత్త ముగింపు గుండెకు తాకింది.

సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) ప్రపంచ నాటకచరిత్రను ఆంగ్లంలో రచించి, తెలుగులో విజయనగర పతనాన్ని నాటకవస్తువు చేశారు. ధర్మవరం మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) షేక్‌స్పియర్ పాత్రలను ఆంగ్లంలోనే అభినయించారు. ఆ అనుభవమున్న నటుడు తెలుగు రంగస్థలంపై రాగాలాపన కంటే భావప్రకటనకు పెద్దపీట వేశారు. ఈ విధంగా ఆంగ్ల నాటకం ఇక్కడ మొదట నిర్మాణంలోనూ, తరువాత నటనలోనూ అనువాదమైంది.

సరిహద్దు తెచ్చిన మరుపు

ఎమ్మిగనూరుతో కూడిన ఆదోని తాలూకా ఆనాడు బళ్ళారి జిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. తాలూకా ఒకవైపు, దాని నాటకకేంద్రం మరొకవైపు నిలిచిపోయాయి. నేటి జిల్లాల హద్దులే ప్రమాణంగా చరిత్ర రాస్తే పశ్చిమ కర్నూలుకు నాటక వారసత్వం లేనట్లే కనిపిస్తుంది. కన్నడ నాటకచరిత్రలో ఈ తెలుగు కృషికి దక్కే చోటు సహజంగానే తక్కువ. అందువల్ల ఇది రెండు చరిత్రల నడుమ జారిపోయే ప్రమాదముంది.

ముగింపు

మూలానికి ఎంత విధేయంగా ఉందన్న కొలతతోనే చూస్తే ‘విషాద సారంగధర’ అనువాద చరిత్రలోకి రాదు. ఒక నాటకసంస్కృతి మరొకదానిలో ఏమి మార్చిందన్న ప్రశ్నతో చూస్తే, అది తొలిపుటల్లో ఉండదగినది. బళ్ళారితో కలిపి ఆదోని నాటకచరిత్రను చదివినప్పుడే ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.