పెండ్లి పూలు – పంచాంగం



"పూలు విరగబూచినప్పుడు పెండ్లిండ్లు లేవు, పెండ్లిండ్లు ముంచుకొచ్చినప్పుడు తోటలో పువ్వు లేదు." పూలు పెట్టిన రైతు మాతో తరచు చెప్పుకొనే కష్టమిది. ఇది ఈనాటిది కాదు. దీని వెనుక కథ కొంచెం చెప్పుకొందాము.

తిరుమలకు పుష్పమండపమని పేరు. శ్రీ రామానుజుల వారు కోరగా శిష్యుడు అనంతాళ్వారు కొండకు వచ్చి, చెరువు త్రవ్వి, పూదోట పెంచి, స్వామికి మాలలు కట్టినాడని సంప్రదాయం. సుమారు తొమ్మిది వందల యేండ్ల నాటి మాట. ఆనాటి గునపమని ఆలయ మహాద్వారం దగ్గర వున్నదాన్ని మీలో చాలామంది చూచే వుంటారు. తరువాతి శాసనాల్లో గూడా స్వామి నందనవనాల ప్రస్తావన వున్నది. కొండమీది పువ్వు స్వామిదే గాని మనుష్యులు తలలో పెట్టరాదని ఆచారం. కాబట్టి పెండ్లి పూలు క్రింది కయ్యల్లోనే పూయాలి. అయితే గుడికి దినమూ పూలు కావాలి, పెండ్లికి ముహూర్తం నాడే కావాలి. చిక్కంతా యిక్కడే.

పూర్వం ఏ కాలంలో ఏది పూస్తే దానితోనే పెండ్లి జరిగేది. ఎండకాలం మల్లె, వానల్లో జాజి, ఏడాదిలో ఎక్కువ నెలలు కనకాంబరం. ఇప్పుడు పందిళ్ళకు, దండలకు వాడే బంతి, సుగంధరాజ మన పూలు కావు. 1492 తరువాత ఐరోపా ఓడలు పశ్చిమ ఖండానికి దారి కనుగొన్నాక మెక్సికో నుంచి బయలుదేరి వచ్చినవి. చామంతి పుట్టిల్లు చైనా.

చామంతి చలికాలంలోనే ఎందుకు పూస్తుంది? పగలు, రాత్రి నిడివిని బట్టి మొక్క పూతకు వస్తుందని 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డ్ తేల్చినారు. రాత్రి నిడివి పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. తీరా పూత ముమ్మరమయ్యే నాటికి ధనుర్మాసం, పుష్యం! ముహూర్తాలు వుండవు. అందుకనే మన కుప్పం, వి.కోట మిట్టకు ఆనుకొనివున్న కర్ణాటక ప్రాంతాల్లో కొందరు రైతులు రాత్రిళ్ళు తోటలో బల్బులు వెలిగించి మొగ్గను ఆపుతున్నారు. దీపాలు తీసిన తరువాత, రకాన్ని బట్టి, రెండు రెండున్నర నెలలకు పూలు చేతికి వస్తవి. మాఘమాసపు ముహూర్తం నుంచి వెనక్కు లెక్క కట్టడమే కిటుకు.

మల్లె సంగతి వేరు. చలికాలంలో నీళ్ళు ఆపి, కొమ్మ కత్తిరించి, ఎరువేసి తడి పెడితే మార్చి నుంచి పూత. వైశాఖం, జ్యేష్ఠం పెండ్లిండ్లకు సరిగ్గా అందుతుంది. కాని 2024లో ఏమయింది? ఏప్రిల్ ఆఖరున శుక్రమౌఢ్యం పట్టింది. వెంటనే ఆషాఢం. శ్రావణం దాకా మంచి ముహూర్తం లేదు. మల్లె మాత్రం తన వేళకు తాను పూసింది. మొగ్గకు మూఢం తెలియదు గదా!

కనుక సోదరులారా, నారు పోయక ముందే పంచాంగం తెరవండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం వచ్చే దినాలు గుర్తు పెట్టుకోండి. బంతి నాటిన రెండు నెలలకు కోతకు వస్తుంది. కాబట్టి అంతా ఒక్కసారిగా నాటక, పదిహేను దినాల ఎడంతో మడి మడిగా నాటండి. మల్లె కత్తిరింపులు గూడా రెండు విడతలుగా చేయండి. ఒక కయ్యలో కనకాంబరం వుంచండి. పెండ్లి లేకున్నా గుడికి, జడకు మూరల లెక్కన దినమూ అమ్ముడుపోతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊరికి పోయినప్పుడు "ఏ రకం వేసినావు?" అని అడగడంతో ఆపకండి. "ఏ నెలలో కోస్తావు?" అని గూడా అడగండి. రైతు లాభనష్టాలు రెండో ప్రశ్నలోనే వున్నవి.

సెలవు.