బడి గ్లాసులో ఏ పాలు? వెన్న తీసిన పాల వెనుక వందేళ్ల చరిత్ర

"పాఠశాలల్లో పిల్లలకు వెన్న తీయని పాలు ఇవ్వాలా? చర్చించండి." ఇలాంటి ప్రశ్న మెయిన్స్‌లో వచ్చిందనుకోండి. నూటికి తొంభై మంది ఒకే జవాబు రాస్తారు. పాలు సంపూర్ణ ఆహారం అని మొదలుపెట్టి, కాల్షియం, ప్రోటీన్ చెప్పి, మధ్యలో ఊబకాయం తెచ్చి, చివర 'సమతుల్య విధానం కావాలి' అని ముగిస్తారు. అలాంటి జవాబుకు సగటు మార్కులే వస్తాయి. పైగా ఆ ఊబకాయం వాదన అమెరికాది. అక్కడి బడుల్లో 2012 నుంచి కొవ్వు తగ్గించిన పాలే ఇవ్వాలన్న నిబంధన మీద నడిచిన గొడవను మనం అలాగే ఎత్తి రాసేస్తున్నాం. మన చరిత్ర వేరు. దాన్ని చూసే ముందు రెండు విదేశీ ఉదాహరణలు తెలుసుకోండి.

మొదటిది డెన్మార్క్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడి పేద పిల్లల్లో కళ్లు పొడిబారి చూపు పోయే జబ్బు పెరిగింది. కార్ల్ బ్లాక్ అనే పిల్లల వైద్యుడు ఆరా తీస్తే కారణం దొరికింది. దేశంలో పాలకు కొదవ లేదు. కానీ వెన్న ఎగుమతికి పోతోంది, పేదింటి పిల్లలకు వెన్న తీసిన పాలే దక్కుతున్నాయి. విటమిన్ ఏ ఉండేది కొవ్వులో కాబట్టి, వెన్నతో పాటే అదీ ఓడ ఎక్కేది. 1917 చివర ప్రభుత్వం వెన్నకు రేషన్ పెట్టడంతో అది పేదలకూ అందింది. మరుసటి ఏడాదికి జబ్బు దాదాపు కనుమరుగైంది. వైద్య చరిత్రలో ఇంత స్పష్టమైన ఉదాహరణలు అరుదు. ఎథిక్స్ పేపర్‌లో కూడా వాడుకోవచ్చు.

రెండోది స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్, 1930. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 67 బడుల్లో 20 వేల మంది పిల్లలపై ప్రయోగం చేశారు. 5 వేల మందికి పచ్చి పాలు, 5 వేల మందికి పాశ్చరైజ్ చేసిన పాలు రోజూ ముప్పావు పింటు, అంటే సుమారు 425 మి.లీ. ఇచ్చారు. మిగతా 10 వేల మందికి ఏమీ ఇవ్వలేదు. పాలు తాగినవాళ్లు ఎక్కువ ఎదిగారని తేలింది, అందరూ సంతోషించారు. మరుసటి ఏడాది 'స్టూడెంట్' అనే కలం పేరుతో రాసే గణాంకవేత్త గాసెట్ (గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి, మీరు చదివే టీ-టెస్ట్ ఈయనదే) ఒక లోపం పట్టుకున్నాడు. ప్రయోగం మొదట్లోనే పాలు తాగని గుంపు పిల్లలు ఎత్తులో, బరువులో ముందున్నారు. ఎందుకంటే, రెండు గుంపులూ సమంగా కనిపించకపోతే పిల్లల్ని మార్చుకోవచ్చని టీచర్లకు వెసులుబాటు ఇచ్చారు. వాళ్లేమో జాలితో బక్కపిల్లల్ని పాల గుంపులోకి నెట్టి ఉంటారు. ఇంకో చిక్కు, పిల్లల్ని బట్టలతోనే తూచారు. ఫిబ్రవరి చలిలో ఉన్నవాళ్ల పిల్లలు బరువైన బట్టల్లో వస్తారు, జూన్‌లో తేలిక బట్టల్లో వస్తారు. పేదపిల్లలకు రెండు కాలాల్లోనూ దాదాపు అవే బట్టలు. దాంతో ఉన్నవాళ్ల పిల్లలు పెరిగిన బరువు లెక్కలో తక్కువగా పడుతుంది. ఆ టీచర్లను తప్పుపట్టడానికి నాకైతే మనసొప్పదు. కానీ ఏ సంక్షేమ పథకం ఫలితాల నివేదిక చదివినా, ఎవరిని ఎలా ఎంపిక చేశారన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1958 దాకా నీలగిరుల్లోని కూనూర్‌లో ఉండేది. 1930లలో దాని అధిపతి ఐక్రాయిడ్, సహచరుడు కృష్ణన్ హాస్టల్ పిల్లలకు వెన్న తీసిన పాలు ఇచ్చి చూశారు. ఎత్తు, బరువు మెరుగుపడ్డాయి. బియ్యమే ప్రధానమైన తిండికి తోడుగా చవకగా దొరికే పాలపొడి పనికొస్తుందని తేలింది. ఇది మంచి శాస్త్రమే. అయితే దాని అర్థం 'ఏమీ లేనిదానికంటే ఇది మేలు' అని మాత్రమే. 'వెన్న ఉన్న పాలకంటే ఇది మేలు' అని కాదు. విధానాల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతాయి.

స్వాతంత్ర్యం తర్వాత ఏం జరిగిందో చూడండి. అమెరికాలో పేరుకుపోయిన వెన్న తీసిన పాలపొడి యునిసెఫ్ వంటి సంస్థల ద్వారా మన బడులకు వచ్చింది. మీ ఇంట్లో డెబ్బై దాటినవారిని అడగండి, బడిలో పొడి కలిపి పోసిన పాలు గుర్తుండవచ్చు. 1955లో ఆనంద్ డెయిరీకి యునిసెఫ్ యంత్రాలు ఇచ్చినప్పుడు, బదులుగా పేద పిల్లలకు ఉచితంగా పాలు పోయాలన్నదే ఒప్పందం. 1969లో మొదలైన విజయవాడ పాల ఫ్యాక్టరీకీ ఆ సంస్థ సాయం ఉంది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ కూడా ఐరోపాలో మిగిలిన పాలపొడి, బటర్ ఆయిల్ అమ్మిన డబ్బుతోనే నడిచింది.

అంతకు ముందే, 1946లో బొంబాయిలో దారా ఖురోడీ 'టోన్డ్ పాలు' తెచ్చారు. గేదె పాలల్లో 6, 7 శాతం వెన్న ఉంటుంది. అందులో పాలపొడి, నీళ్లు కలిపి 3 శాతానికి దించితే అదే పాలు ఎక్కువ మందికి చౌకగా అందుతాయి. దీన్ని కల్తీ అనకండి, కొరత కాలంలో అది తెలివైన పని. ఈ రోజు మనం కొనే ప్యాకెట్లకు మూలం అదే.

ఇక ప్రస్తుతం. మధ్యాహ్న భోజనంలో పాలు ఇవ్వాలన్న కేంద్ర నిబంధన లేదు, ఇస్తే రాష్ట్రాలే ఇస్తాయి. కర్ణాటక 2013 ఆగస్టు 1న క్షీరభాగ్య మొదలుపెట్టింది. ఒక్కో బిడ్డకు 150 మి.లీ., వెన్న తీయని పాలపొడితో. సహకార సంఘం దగ్గర పాలు మిగిలిపోతున్న సమయమది. అంటే ఇక్కడా మిగులే దారి చూపింది, కాకపోతే ఈసారి మిగులు మన రైతుది, వెన్నా పొడిలోనే ఉంది. నా దృష్టిలో ఇది పాత పద్ధతికంటే స్పష్టంగా మెరుగు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రాథమిక తరగతుల పిల్లలకు భోజనంలో కేంద్రం నిర్ణయించిన నూనె 5 గ్రాములు. ప్రమాణాల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలల్లో 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం వెన్న ఉండాలి. 150 మి.లీ. గ్లాసులో వరుసగా సుమారు 9, 4.5, 2.25 గ్రాములు. మొదటిదానికీ చివరిదానికీ తేడా దాదాపు 60 కిలోక్యాలరీలు. 450 కిలోక్యాలరీల భోజనం పక్కన ఇది చిన్నదేమీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 35.5 శాతం, అధిక బరువున్నవారు 3.4 శాతం. ఇవి ఐదేళ్లలోపు పిల్లల అంకెలు, బడి పిల్లలవి కావు. జవాబులో ఆ మాట తప్పకుండా రాయండి. అయినా మన ప్రధాన సమస్య ఎటువైపుందో అర్థమవుతుంది.

ఖర్చు వాదన కొట్టిపారేయలేనిది. పాల కేంద్రంలో రైతుకు డబ్బు పడేదే వెన్న శాతాన్ని బట్టి. అదే బడ్జెట్‌లో చిక్కటి పాలు మూడు రోజులా, పలుచటి పాలు ఐదు రోజులా అన్నది అధికారికి నిజంగా ఎదురయ్యే ప్రశ్న. నేనైతే కనీసం 3 శాతం వెన్న అనే గీత గీసి, అంతకు తగ్గించను. తప్పనిసరై తగ్గించాల్సి వస్తే విటమిన్ ఏ, డి కలిపిన పాలే తీసుకోవాలని టెండర్‌లోనే రాయిస్తాను. పాలు పడని పిల్లలకు, దక్షిణాదిన వీళ్లు తక్కువేం కాదు, గుడ్డో మరొకటో ఇచ్చే వీలూ అదే ఉత్తర్వులో ఉండాలి.