నికోడిమస్: భూమి దక్కిన ఊరు, రైలు దక్కని ఊరు

బి.ఏ. తరగతిలో ఒక విద్యార్థి సహవాసి అనువదించిన “ఏడు తరాలు” చదివి వచ్చి నన్నొక ప్రశ్న అడిగాడు: “మాస్టారూ, బానిసత్వం పోయింది, బాగానే ఉంది. ఆ మర్నాటినుంచి వాళ్ళేం తిన్నారు?” ఇంత సూటి ప్రశ్నకు మన పాఠ్యపుస్తకాలు సూటిగా జవాబు చెప్పవు. 1865లో 13వ రాజ్యాంగ సవరణ వచ్చిందని చెప్పి పేజీ తిప్పేస్తాయి. జవాబుకోసం నేను అమెరికా నడిమధ్య కాన్సస్ రాష్ట్రంలో, ప్రెయిరీ అనే చెట్టులేని గడ్డిమైదానంలో వెలసిన ఒక చిన్న ఊరి చరిత్రకు పోవలసి వచ్చింది. ఆ ఊరు నికోడిమస్.

చట్టం సంకెళ్ళు తీసింది గాని భూమి ఇవ్వలేదు. నిన్నటి బానిస నేడు అదే యజమాని పొలంలో కూలివాడో, పాలుకు చేసుకునేవాడో అయ్యాడు. 1877లో కేంద్ర సైన్యం దక్షిణాది రాజకీయాలనుంచి తప్పుకున్నది. పాత దొరల పెత్తనానికి అడ్డం లేకపోయింది. సరిగ్గా ఆ ఏడే డబ్ల్యు. ఆర్. హిల్ అనే తెల్ల వ్యాపారి, డబ్ల్యు. హెచ్. స్మిత్ అనే నల్లజాతి నాయకుడు, మరికొందరు కలిసి సోలమన్ నది దక్షిణపాయ ఒడ్డున ఊరికి గీతలు గీశారు. సారవంతమైన నేల, స్వతంత్ర జీవితం అంటూ కరపత్రాలు కెంటకీ రాష్ట్రంలో పంచారు. ఆ సెప్టెంబరులో సుమారు 300 మంది తరలి వచ్చారు.

వచ్చి చూస్తే ఊరు లేదు. ఇంటికి కొయ్యలేదు, పొయ్యికి పుల్లలేదు. ముందు వచ్చినవారు గట్లు తొలిచి నేలలోపల కాపురం ఉంటున్నారు. 1878లో వచ్చిన విలియానా హిక్‌మన్ అనే ఇల్లాలు ఊరేదని అడిగితే, నేలలోంచి లేస్తున్న పొగలు చూపించారట. ఆమె ఏడ్చేసింది. కొందరు తిరిగిపోయారు. మిగిలినవారు గుర్రాలూ నాగళ్ళూ చాలక పారలతో, గునపాలతో ఆ గడ్డినేల పెళ్ళగించారు.

మొదటి చలికాలంలో వారిని ఆదుకున్నవారెవరు? వేటనుంచి తిరిగిపోతున్న ఓసేజ్ ఆదివాసులు తమ మాంసంలో భాగం పెట్టారని ఆ ఊరివారు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ఓసేజ్ జాతి అప్పటికి కొద్ది ఏళ్ళక్రితమే కాన్సస్‌లోని తన నేల పోగొట్టుకున్నది. రాష్ట్రానికి పేరిచ్చిన కాన్సా జాతినే 1873లో అక్కడనుంచి పంపివేశారు. అంటే నికోడిమస్ రైతుకు దక్కిన “ఖాళీ” భూమి ఖాళీది కాదు, ఖాళీ చేయించినది. దోపిడికి గురైన ఒక జాతికి ప్రభుత్వం ఇచ్చినది, అంతకుముందే మరొక జాతినుంచి గుంజుకున్నది. ఈ సత్యాన్ని మరుగుపరచి ఈ ఊరిని కీర్తిస్తే అది అభ్యుదయ చరిత్ర అనిపించుకోదు.

అయినా వారు ఊరు కట్టారు. బడి పెట్టుకున్నారు, చర్చీలు కట్టుకున్నారు. జకరీ ఫ్లెచర్ తపాలా కచేరీ నడిపాడు, హోటలు పెట్టాడు; అతని భార్య జెన్నీ పిల్లలకు చదువు చెప్పింది. 1886లో ఒక పత్రిక, 1887లో ఇంకొకటి వెలువడ్డాయి. ఇక్కడ స్థిరపడిన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. ఆ రాష్ట్రంలో అంతటి పదవికి ఎన్నికైన మొదటి నల్లజాతివాడు ఆయనే. కొన్నేళ్ళక్రితం వరకూ ఓటు లేని మనిషి రాష్ట్రం లెక్కలు తనిఖీ చేశాడు!

తరువాత వచ్చింది రైలు ప్రశ్న. ప్రెయిరీలో గోధుమ పండిస్తే చాలదు. దాన్ని బజారుకు చేర్చాలి. ఆ దారి రైలు కంపెనీల చేతిలో ఉన్నది. ఎకరాల లెక్క చూడండి. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది: కుటుంబానికి 160 ఎకరాలు, అదీ అయిదేళ్ళు అక్కడే ఉండి సేద్యం చేస్తేనే. అదే ఏడు పసిఫిక్ రైల్వే చట్టం వచ్చింది. అలాంటి చట్టాలకింద రైలు కంపెనీలకు ధారపోసిన ప్రభుత్వ భూమి మొత్తం 10 కోట్ల ఎకరాలకు పైనే. ఒకే చేయి చెమటోడ్చేవాడికి చెక్క, పెట్టుబడిదారుకు దేశం పంచింది.

1887లో నికోడిమస్ ప్రజలు మిసోరి పసిఫిక్ కంపెనీని రప్పించేందుకు 16,000 డాలర్ల బాండ్లకు ఓటువేశారు. ఆ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వేసిన దారి నదికి ఆవల, కొన్నిమైళ్ళ దూరాన పోయింది. అక్కడ బోగ్ అనే కొత్త ఊరు లేచింది. నికోడిమస్ వర్తకులు చాలామంది తమ దుకాణాలతో అక్కడికి తరలిపోయారు. మెకేబ్ కూడా కాన్సస్ విడిచి ఓక్లహోమాకు వెళ్ళాడు.

“రైలు రాలేదు గనుక ఊరు చచ్చింది” అని సాధారణంగా రాస్తారు. ఈ వాక్యంతో నాకు పేచీ ఉన్నది. చచ్చినది బజారు. వర్తకానికి లాభమే ఊరు. లాభం పోయినచోట అది బిచాణా ఎత్తేస్తుంది. రైతుకు అలా వీలుకాదు, చాలామందికి ఇష్టమూ లేదు. రైలు పోయాక కూడా వారు అక్కడే సేద్యం చేశారు, పిల్లల్ని చదివించారు. బ్రిటిష్ వెస్టిండీస్‌లో 1834లో బానిసలకు విముక్తి వచ్చిన రోజును ఏటా ఆగస్టులో పండుగ చేసుకున్నారు. 1930లలో ఆర్థిక మాంద్యం, దుమ్ముతుఫానులు కలిసి దెబ్బతీస్తే కుటుంబాలకు కుటుంబాలు వలసపోయాయి. ఆ కష్టకాలంలోనే, 1939లో, ప్రభుత్వ ఉపాధి పథకం కింద సున్నపురాతితో ఊరి సమావేశ మందిరం లేచింది. 1960లో బడి మూతపడింది.

ఈనాడు అక్కడ కాపురముంటున్నవారు కొద్దిమందే. కాని ఏటా జూలై చివర, ఎక్కడెక్కడో స్థిరపడిన ఆ వంశాలవారు పిల్లలతో వచ్చి ఆ మందిరంలో కలుసుకుంటారు. పాత విముక్తి పండుగే ఇప్పుడు పుట్టింటి పండుగ అయింది. 1996లో ప్రభుత్వం ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. గుర్తింపు మంచిదే, అయితే అది పోయిన బజారును తేలేదు, పోయిన పొలాలను తిరిగి ఇవ్వలేదు.

నా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది: మొదటి ఏడు ఇరుగువారు పెట్టింది తిన్నారు, తరువాత తాము పండించింది తిన్నారు. పంట అమ్ముకునే దారి మాత్రం వారి చేతికి రాలేదు. భూమికోసం పోరాడేవారు దారినీ బజారునూ కంపెనీలకు వదిలేస్తే, సగం పోరాటమే చేసినట్టు. నికోడిమస్ రైతులు ఈ పాఠాన్ని ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. దాని ఖరీదు వారే చెల్లించారు.