అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం - సదస్సులు, రైతు సమావేశాలు

అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధనా సంస్థలలో ఒకటి. ఇది 1913లో స్థాపించబడింది. చెరకు, బెల్లం దీని ప్రధాన పరిశోధనాంశాలు. ఉత్తర కోస్తా మండలంలోని ఇతర పంటల పరిశోధనను సమన్వయం చేసే బాధ్యత కూడా దీనిదే. ఈ స్థానంలో ప్రతి సంవత్సరం ఒక క్రమంలో జరిగే సదస్సులు, క్షేత్ర దినోత్సవాలు, రైతు శిక్షణలు, శాస్త్రవేత్తల సమీక్షా సమావేశాల గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. చోడవరం, మాడుగుల, బుచ్చెయ్యపేట, కశింకోట పరిసరాల చెరకు రైతులకు ఈ సమావేశాలతో దగ్గరి సంబంధం ఉంది. చోడవరం అనకాపల్లికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఈ రెండు ఊళ్ళూ పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పటినుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి.

నేపథ్యం

పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో గోదావరి డెల్టాలోని చెరకు తోటలను ఎర్రకుళ్ళు తెగులు తుడిచిపెట్టింది. దానిని పరిశీలించటానికి మద్రాసు ప్రభుత్వం తన వృక్షశాస్త్రజ్ఞుడైన సి.ఎ. బార్బర్‌ను నియమించింది. ఆ కృషి ఫలితంగా 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రం ఏర్పడింది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన సంస్థ ప్రారంభమైనప్పుడు దాని బాధ్యత కూడా బార్బర్‌కే అప్పగించారు. ఆ మరుసటి సంవత్సరమే అనకాపల్లి స్థానం వెలసింది. అంటే దక్షిణాదిన చెరకు పరిశోధనకు పునాది ఒక తెగులు వేసిందన్నమాట. నేటికీ అనకాపల్లి సదస్సులలో చర్చ ఎక్కడ మొదలైనా ఎర్రకుళ్ళు దగ్గరకు రాకుండా ముగియదు.

1964 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన పిమ్మట ఈ స్థానం ప్రభుత్వ వ్యవసాయ శాఖ నుండి విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. 1996లో విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత విశ్వవిద్యాలయ కేంద్ర కార్యాలయం గుంటూరు సమీపంలోని లాంకు మారింది. అనకాపల్లి స్థానానికి 2013లో నూరేళ్ళు నిండాయి.

ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశం

సంవత్సరంలో జరిగే సమావేశాలన్నిటిలో ఇది ముఖ్యమైనది. బయటివారికి అంతగా తెలియనిదీ ఇదే. ఖరీఫ్‌కు ముందు ఒకసారి, రబీకి ముందు ఒకసారి జరపటం పద్ధతి. ఉత్తర కోస్తా మండలంలోని పరిశోధనా కేంద్రాల శాస్త్రవేత్తలు, కృషి విజ్ఞాన కేంద్రాలవారు, ఏరువాక కేంద్రాలవారు, వ్యవసాయ శాఖాధికారులు, ఎంపిక చేసిన రైతులు ఒకచోట కూర్చుంటారు. వరికి శ్రీకాకుళం దగ్గరి రాగోలు, గోగుకు ఆమదాలవలస, రాగికి విజయనగరం, నువ్వులకు ఎలమంచిలి కేంద్రాలు తమ తమ ఫలితాలను సమర్పిస్తాయి. ఏజెన్సీ ప్రాంతం వేరే మండలం. దానికి చింతపల్లిలో మరొక ప్రాంతీయ స్థానం ఉంది.

సమావేశం సాగే తీరు ఇది. ముందుగా గత సంవత్సరం ఇచ్చిన సిఫారసులు పొలంలో ఎలా పనిచేశాయో వ్యవసాయ శాఖవారు చెబుతారు. రైతుల పొలాలలో జరిపిన పరీక్షల ఫలితాలు తరువాత వస్తాయి. అటుపిమ్మట చిరుసంచుల ప్రయోగానికి పంపదగిన కొత్త రకాలేవో నిర్ణయిస్తారు. చిరుసంచుల ప్రయోగమంటే, విడుదలకు ముందు కొత్త రకం విత్తనాన్ని కొద్ది కొద్దిగా రైతులకిచ్చి, వారు తమ పాత రకం పక్కనే సాగుచేసి పోల్చుకొనేటట్లు చేయటం. చెరకు విషయంలో సంచులుండవు, ముచ్చెలే ఇస్తారు. పేరు మాత్రం అలాగే నిలిచింది. ఈ సమావేశంలో ఆమోదం పొందిన అంశాలు రాష్ట్రస్థాయి సాంకేతిక కార్యక్రమ సమావేశానికి వెళ్ళి, అక్కడినుండి విశ్వవిద్యాలయం ఏటా ప్రచురించే వ్యవసాయ పంచాంగంలో చేరతాయి. రైతు చేతికి అందే పుస్తకంలో ఒక వాక్యం మారాలంటే ఇంత దారి నడవాలి.

సమావేశంలో మాట్లాడే రైతుల సంఖ్య తక్కువ. కాని వారు లేవనెత్తే ప్రశ్నలే తరువాతి సంవత్సరపు ప్రయోగాలుగా మారిన సందర్భాలుంటాయి. నరికే కూలీల ఖర్చు, కార్శి తోటలో దిగుబడి పడిపోవటం, తుఫానుకు తోట పడిపోవటం వంటివి ఇటువంటి ప్రశ్నలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని దాటినప్పుడు కోతకు దగ్గరపడిన తోటలు నేలకొరిగాయి. జడచుట్లు వేయాలన్న పాత సిఫారసు ఎంత ముఖ్యమో, దానికి కూలీలు దొరకటం ఎంత కష్టమో అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

ఒక చెరకు రకం ప్రయాణం

సదస్సులలో వినిపించే అంకెలు కొత్తవారికి అయోమయంగా ఉంటాయి. 87ఎ298 అన్న పేరులో 87 సంవత్సరాన్ని, 'ఎ' అనకాపల్లిని, 298 ఎంపిక చేసిన మొక్క వరుస సంఖ్యను తెలుపుతాయి. 'వి' ఉంటే ఉయ్యూరు కేంద్రపు రకమని అర్థం. ఇదే రకానికి జాతీయస్థాయిలో కోఎ 92081 అని మరొక సంఖ్య ఉంది. 'కో' అంటే కోయంబత్తూరు. రైతులకు సులభంగా ఉండేందుకు దీనికి విశ్వామిత్ర అని పేరు పెట్టారు. అలాగే 93ఎ145కు అనకాపల్లి పక్కన ప్రవహించే నది పేరు మీద శారద అన్నారు. ఎలమంచిలి కేంద్రం విడుదల చేసిన ఒక నువ్వు రకానికి కూడా శారద అనే పేరు ఉండటంచేత విత్తనం అడిగేవారు పంట పేరు కూడా చెప్పటం మంచిది.

చెరకు అన్నిచోట్లా సరిగా పూతకు రాదు. అందువలన సంకరణ చాలావరకు కోయంబత్తూరులో జరుగుతుంది. అక్కడినుండి వచ్చిన సన్నని నూగువంటి విత్తనాన్ని అనకాపల్లిలో మొలకెత్తించి వేల మొలకలను పెంచుతారు. వాటిలోనుండి ఏటేటా వడపోస్తూ, రసంలో చక్కెర శాతం, దిగుబడి, తెగులును తట్టుకొనే శక్తి, కార్శి పంట నిలవటం పరీక్షిస్తారు. ఎర్రకుళ్ళు శిలీంధ్రాన్ని బుద్ధిపూర్వకంగా గడలోకి ఎక్కించి చూస్తారు. మొలకనుండి విడుదల వరకు సుమారు పదేళ్ళు పడుతుంది. అఖిల భారత సమన్వయ చెరకు పరిశోధన పథకం 1970-71లో ప్రారంభమైంది. ఆ పథకంలో అనకాపల్లి తూర్పు తీర మండలపు కేంద్రాలలో ఒకటి. కోస్తాంధ్ర, ఒడిశా, తమిళనాడు తీర ప్రాంతాల కేంద్రాలు ఒకే రకాలను పరీక్షించి, పథకం వార్షిక సమావేశంలో ఫలితాలను పోల్చుకుంటాయి. ఆ వార్షిక సమావేశం దేశంలోని వివిధ కేంద్రాలలో వంతులవారీగా జరుగుతుంది.

ఇంతచేసి విడుదల చేసిన రకం కూడా శాశ్వతం కాదు. ఒకనాడు ఎంతో పేరుపొందిన కో 419, కో 997 వంటి రకాలు ఎర్రకుళ్ళుకు లోబడి వెనుకబడ్డాయి. శిలీంధ్రం కూడా మారుతూ ఉండటమే దీనికి కారణం. "మళ్ళీ కొత్త రకమా?" అని సదస్సులలో విసుగుతో అడిగేవారికి చెప్పవలసిన జవాబు ఇదే.

క్షేత్ర దినోత్సవాలు, కిసాన్ మేళా

వీటిలో ఉపన్యాసాలు తక్కువ, చూపించటం ఎక్కువ. గడ నుండి ఒక చుక్క రసం తీసి చేతిలో పట్టుకొనే వక్రీభవన మాపకంపై వేసి బ్రిక్స్ చదవటం, ఒంటికన్ను ముచ్చెలతో ట్రేలలో నారు పెంచటం, చెత్త కప్పటం, బిందుసేద్యం వంటివి రైతుల ఎదుట చేసి చూపుతారు. గడ మొదలు, నడుమ, కొస భాగాలలో బ్రిక్స్ వేరువేరుగా చూపించినప్పుడు, పక్వానికి రాకముందే నరికితే ఏమి పోతుందో వేరే చెప్పనవసరం ఉండదు. గడ్డిదుబ్బు తెగులు నివారణకు ముచ్చెలను 52 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో 30 నిమిషాలు ఉంచే పద్ధతిని కూడా ఇటువంటి సందర్భాలలోనే ప్రదర్శిస్తారు. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పెరిగితే కన్ను చచ్చిపోతుంది, తగ్గితే తెగులు పోదు. అందుకే ఇది చదివి నేర్చుకొనేది కాదు, చూసి నేర్చుకోవలసింది.

బెల్లం శిక్షణలు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. పంటకోత అనంతర సాంకేతిక పరిజ్ఞానంపై జరిగే అఖిల భారత సమన్వయ పథకపు కేంద్రం ఈ పరిశోధనా స్థానంలోనే పనిచేస్తూ బెల్లంపై ప్రత్యేక పరిశోధన చేసింది. ఇక్కడి శిక్షణలకు రైతులతోపాటు స్వయం సహాయక సంఘాల మహిళలు, చిన్న వ్యాపారులు కూడా వస్తారు. పొయ్యి నిర్మాణంలో వంటచెరకు ఆదా, మడ్డి తీయటానికి బెండ మొక్కల జిగురు రసం వాడటం, పాకం 116 నుండి 118 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దించటం, బెల్లం పొడి తయారీ, చిన్న అచ్చులలో పోయటం ఇందులోని పాఠాలు.

శిక్షణలో ఎక్కువ వాదోపవాదాలు జరిగేది రంగు గురించి. బెల్లం పసుపుపచ్చగా మెరవటానికి కొందరు హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ కలుపుతారు. అది మోతాదు మించితే గంధకపు అవశేషాలు మిగిలి ఆరోగ్యానికి హాని చేస్తాయి, కొద్దికాలానికి రంగు కూడా తిరిగి నల్లబడుతుంది. శాస్త్రవేత్తలు వద్దంటారు. మార్కెట్టులో రంగున్న దిమ్మకే ధర ఎక్కువని రైతు అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కొనేవాడు కూర్చోని సదస్సులో ఈ సమస్య తేలదు. రసాయనాలు లేని బెల్లానికి నగరాలలో గిరాకీ పెరగటం ఇటీవలి కాలంలో కొంత ఆశ కలిగించే విషయం.

చోడవరం ప్రాంతంతో సంబంధం

చోడవరం సహకార చక్కెర కర్మాగారం గోవాడలో ఉంది. స్థానికులు దీనిని గోవాడ ఫ్యాక్టరీ అంటారు. కర్మాగారపు చెరకు విభాగం, పరిశోధనా స్థానం కలిసి విత్తన తోటలను పెంచటం, కొత్త రకాలను రైతులకు చేర్చటం చాలాకాలంగా వస్తున్న ఏర్పాటు. చోడవరానికి చేరువలో, బుచ్చెయ్యపేట మండలం కొండెంపూడిలో విశ్వవిద్యాలయపు కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. అనకాపల్లి వరకు వెళ్ళలేని రైతులకు శిక్షణలు అక్కడ లభిస్తాయి.

ఈ ప్రాంతంలో చెరకు సాగు బాగా తగ్గింది. సకాలంలో బకాయిలు అందకపోవటం, కూలి ఖర్చులు, ధర చాలకపోవటం కారణాలు. అనకాపల్లి పక్కనున్న తుమ్మపాల సహకార కర్మాగారం మూతపడింది. 1933 నాటి ఏటికొప్పాక సహకార కర్మాగారం కూడా కష్టాలపాలయింది. గోవాడ కర్మాగారం ఆర్థిక ఇబ్బందులు ఏళ్ళ తరబడి వార్తలకెక్కుతున్నాయి. గానుగ ఆగిన ఊళ్ళో కొత్త చెరకు రకం గురించి సదస్సు పెడితే వినేవారెవరన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. పరిశోధనా స్థానం తన సమావేశాలలో చెరకులో అపరాల వంటి అంతర పంటలకు, తక్కువ నీటితో సాగుకు, యంత్రాలతో నాటటానికి ఎక్కువ సమయం కేటాయించటానికి ఇదొక కారణం. అయితే నూరేళ్ళకు పైగా కూడబెట్టిన చెరకు రకాల సేకరణను పొలంలో ఏటా నాటుతూ కాపాడవలసిందే. విత్తనంలా డబ్బాలో దాచటానికి అది వీలుకాదు. ఒకసారి పోతే మళ్ళీ సంపాదించటం చాలా కష్టం.

సంవత్సరపు కార్యక్రమాల క్రమం

రాబోయే సమావేశాల తేదీలను విశ్వవిద్యాలయం, వ్యవసాయ శాఖ కలిసి నిర్ణయిస్తాయి. అవి ఏటా కొంత మారినా క్రమం మాత్రం దాదాపు ఒకటే. జనవరి నుండి మార్చి వరకు కోస్తాలో చెరకు నాట్ల కాలం. ముచ్చెల శుద్ధి, నారు పెంపకం, బెల్లం తయారీ శిక్షణలకు ఇదే అనువైన సమయం. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. వేసవిలో ఖరీఫ్ ముందస్తు సలహా మండలి సమావేశం, జ్యేష్ఠ మాసంలో ఏరువాక పౌర్ణమి వస్తాయి. వానాకాలంలో పొలుసు పురుగు, తెగుళ్ళపై పొలం సందర్శనలు ఉంటాయి. డిసెంబరు 5 ప్రపంచ మృత్తికా దినోత్సవం, డిసెంబరు 23 చరణ్ సింగ్ జయంతి సందర్భంగా జరిగే జాతీయ రైతు దినోత్సవం. డిసెంబరులో కోతలు మొదలవుతాయి కనుక రకాల పోలికను కళ్ళారా చూడదలచినవారు ఆ నెలలో జరిగే క్షేత్ర దినోత్సవానికి వెళ్ళటం మేలు.

విద్యార్థులకు

వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద గ్రామాలలో ఉండి రైతులతో కలిసి పనిచేస్తారు. పాఠశాల, కళాశాల విద్యార్థులు ఉపాధ్యాయుల ద్వారా ముందుగా అనుమతి తీసుకొని ఈ స్థానాన్ని సందర్శించవచ్చును. జీవశాస్త్రం చదివేవారికి చెరకు మంచి ఉదాహరణ. నేడు సాగులో ఉన్న రకాలు తీయని సాగు చెరకును అడవి జాతి రెల్లు చెరకుతో సంకరపరచి, తిరిగి తీయని చెరకుతో కలుపుతూ పొందినవి. కోయంబత్తూరులో టి.ఎస్. వెంకటరామన్ కృషితో 1918లో వెలువడిన కో 205 ఇటువంటి తొలి విజయం. రెల్లు జాతి మొక్క పక్కన సాగు చెరకును నాటి చూపించే మడి ఉంటే దాని ముందు కాసేపు ఆగాలి. సన్నని, గట్టి, తీపిలేని ఆ కాడనుండే నేటి తోటకు మొండితనం వచ్చింది.