మేక్ అను పనిముట్టు పుట్టుక



పొలమునకు నీరు పెట్టువాఁడు ఏ మడి తడిసినదో, ఏ మడి యెండినదో చూచికొని, యెండినదానికే నీరు మళ్ళించును. తడిసినదానికి మరల పెట్టుట శ్రమదండుగ. ఎండినదానిని మఱచుట పంటచేటు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇట్టి చిక్కే యుండెను. దానిని తీర్చుటకుఁ బుట్టిన మేక్ అను పనిముట్టు కథను మీకు మనవి చేసెదను.

ప్రోగ్రామును మనుష్యుఁడు వ్రాసిన రూపము మూలపాఠము. దానిని యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. పెద్ద ప్రోగ్రామునకు మూలపాఠము అనేక ఫైళ్ళుగా నుండును. ఒక ఫైలును దిద్ది, మరల కంపైలు చేయుట మఱచినచో యంత్రము పాత రూపమునే నడపును.

1976లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో స్టీవ్ జాన్సన్ అను పండితునకు ఇట్లే జరిగినది. తప్పును దిద్దియు, కంపైలు చేయుట మఱచి, ఒప్పుగానున్న ప్రోగ్రాములోనే తప్పు వెదకుచు ఉదయమంతయు వ్యర్థపఱచుకొనెను. విధిని తిట్టుకొనుచు స్టూఆర్ట్ ఫెల్డ్‌మన్ గదికి వచ్చెను. ఫెల్డ్‌మనుఁడును ముందునాఁటి సాయంకాలము అదే యాపదలో కొంత పొద్దు పోఁగొట్టుకొనియుండెను. ఆ వారాంతముననే ఆయన మేక్‌ను వ్రాసెను. బొమ్మలు, బొత్తాములు లేవు. తెరపై ఆజ్ఞను టైపుచేసి నడపవలెను. ఏ ఫైలు దేనిపై నాధారపడునో మేక్‌ఫైలులో వ్రాసియిచ్చినచో, ఏది యెప్పుడు దిద్దఁబడెనో వేళలు పోల్చి, కావలసినవానినే కంపైలరునకుఁ బంపును.

తొందరలో ఒక నియమమును చేరినది. ఆజ్ఞ వ్రాయు ప్రతి పంక్తియు ట్యాబ్ మీటతో ఆరంభము కావలెను. ట్యాబ్ తెరపై వట్టి ఖాళీగానే కనఁబడును. కంటికి భేదము లేదు, మేక్‌నకుఁ గలదు. మార్చవచ్చును గదా! కాని కొన్ని వారములకే పండ్రెండుగురు వఱకు, మిత్రులే చాలమంది, దానిని వాడుచుండిరి. వారి కిబ్బంది కలిగింపనొల్లక విడిచితినని ఆయనయే పిమ్మటఁ జెప్పుకొనెను. ఆ మొగమాటమును లోకము నేఁటికిని మోయుచున్నది. ఈ పనిముట్టునకే 2003లో ఏ.సి.ఎం. అను విద్వత్సంఘము ఆయనకుఁ బురస్కార మిచ్చినది.

తరువాత రిచర్డ్ స్టాల్‌మన్, రోలండ్ మెక్‌గ్రాత్ అనువారు గ్నూ ఉద్యమమున మేక్‌ను క్రొత్తగా వ్రాసి, మూలపాఠముతోఁ గూడ ఎల్లరకు నిచ్చిరి. నేను దానిని దించుకొని కట్టఁబూనితిని. మేక్‌ను కట్టుటకు సామాన్యముగా మేక్ కావలెను! అది లేనివారికై ఒక చిన్న యాజ్ఞాపత్రము మూలపాఠముతోనే వచ్చును. అది నడపఁగా మేక్ సిద్ధమయ్యెను. తోడనే నా పనికి మేక్‌ఫైలు వ్రాసితిని. వేరుపఱచు గుర్తు లేదని చెప్పి మేక్ ఆగిపోయెను.

రాత్రి రెండు గంటలవఱకు వెదకితిని. నేను కట్టిన మేక్‌నే శంకించితిని. తుదకు దాని మూలపాఠము తెఱచి, ఆ మాట ఏ తావునఁ బుట్టుచున్నదో చూచితిని. ఎనిమిది ఖాళీలు పెట్టినవానిని, ట్యాబ్ వేయఁదలఁచితివా యని మేక్ ప్రత్యేకముగా నడుగునని యచ్చట వ్రాసియున్నది. నేను పెట్టినవి నాలుగు! అందుచే నాకా హెచ్చరిక దక్కలేదు.

2010లో వెలువడిన 3.82 కూర్పున ట్యాబ్‌నకు బదులు వేఱొక గుర్తు నెన్నుకొను వీలు కల్పించిరి. నేను మాత్రము నాలుగు ఖాళీలు చెఱిపి, ట్యాబ్ మీట నొక్కి, దీపమార్పి పండుకొంటిని.