సూది కదిలినా, గుడ్డ కదిలినా: అమెరికా క్విల్టుపై యంత్రపు కుట్టు చరిత్ర

క్విల్ట్ అనేది మూడు పొరల కూర్పు. రంగురంగుల గుడ్డముక్కలను అతికి తయారుచేసే పైపొర, వెచ్చదనాన్నిచ్చే నడిమి దూదిపొర, సాదా గుడ్డతో వేసే అడుగుపొర కలిసి అది ఒక దుప్పటి అవుతుంది. ఈ మూడింటినీ విడిపోకుండా పట్టి ఉంచుతూ పై నుంచి కింది వరకు వేసే కుట్టునే క్విల్టింగ్ అంటారు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరిచి వరుసకుట్లు వేసే తెలుగువారి బొంత ఈ కుటుంబానికే చెందినది. అయితే బొంతలో గుడ్డపొరలే దళసరినిస్తాయి, అమెరికా క్విల్టులో మాత్రం ఆ పని ప్రధానంగా దూదిది. ముక్కలను అతకడం, క్విల్టింగ్ చేయడం అనే రెండు పనుల్లో మొదటిదానికి కుట్టుమిషన్‌ను అంగీకరించడంలో ఆ దేశపు స్త్రీలు అంతగా తటపటాయించలేదు. రెండవదానికి యంత్రాన్ని పూర్తిగా ఒప్పుకోవడానికి మాత్రం సుమారు నూటయాభై ఏళ్లు పట్టింది. ఈ జాప్యానికి కారణాలు కొంత యంత్రంలోను, కొంత దూదిలోను ఉన్నాయి. మిగిలినవన్నీ ‘చేతిపని’ అనే మాటకు ఒక్కొక్క తరం చెప్పుకున్న అర్థంలో ఉన్నాయి.

క్విల్టింగ్ గీతలు మొదట అవసరం కోసం పుట్టి, తరువాత అలంకారమయ్యాయి. చేతితో ఏకిన దూదిలో పోగులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకోవు. ఉతికినప్పుడు అవి జారి ఒక మూలకు చేరి ఉండలు కడతాయి. అందువల్ల కుట్టు వరుసల మధ్య ఒకటి రెండు అంగుళాలకు మించి ఖాళీ వదలడానికి వీలులేకపోయేది. దూదిని ఏకడమే కులవృత్తిగా, ఆ పనే కులనామంగా ఉన్న దూదేకులవారిని ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ చిక్కు కొత్తది కాదు. దగ్గరదగ్గరగా కుట్టక తప్పనప్పుడు ఆ కుట్టునే అందంగా వేయాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. 14వ శతాబ్దపు చివరి భాగంలో సిసిలీలో నారగుడ్డపై మధ్యయుగపు ప్రేమగాథా నాయకుడు ట్రిస్టన్ కథాఘట్టాలను క్విల్టింగ్‌తోనే ఉబ్బెత్తుగా తీర్చిన క్విల్టు ఈ కళకు యూరప్‌లో మిగిలిన అతి పాత సాక్ష్యాలలో ఒకటి. దాని భాగాలు నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోను, ఫ్లారెన్స్‌లోని బార్జెల్లోలోను ఉన్నాయి. అమెరికాకు చేరేసరికి ఈ సంప్రదాయం అడ్డగీతల గళ్లు, విసనకర్ర వంపులు, ఈక ఆకారపు దండలు అనే కొన్ని స్థిరమైన డిజైన్లుగా రూపు దిద్దుకుంది.

ఈ డిజైన్లను చేత్తో వేయడం ఓపికకు పరీక్ష. నాలుగు కర్రల చట్రానికి మూడు పొరలనూ బిగించి, చుట్టూ కూర్చున్న స్త్రీలు అంగుళానికి పది పన్నెండు కుట్లు పడేటట్టు సూది నడిపేవారు. ఇరుగుపొరుగువారు ఒకరి ఇంట చేరి ఈ పనిని పంచుకునే కూడికను ‘క్విల్టింగ్ బీ’ అనేవారు. అయితే చివరిదశ పనిని కూలికి ఇచ్చే ఆచారం కూడా ఈ కూడికల పక్కనే సాగింది. పైపొరను తామే అతుక్కున్న ఇల్లాళ్లు క్విల్టింగ్‌ను మరొకరికి అప్పగించి, ఎంత దారం ఖర్చయిందో కొలిచి దాన్నిబట్టి కూలి ఇవ్వడం వాడుకలో ఉండేది. ఒకే దుప్పటిపై ఇద్దరి చేతులు పడటం యంత్రం తెచ్చిన మార్పు కాదన్న ఈ విషయం తరువాతి వివాదాలను అర్థం చేసుకోవడానికి ముఖ్యమైన ఆధారం.

పైదారం, కింది బాబిన్ దారం గుడ్డ మధ్యలో మెలిక పడే కుట్టు యంత్రానికి ఇలియస్ హోవ్ 1846లో పేటెంటు పొందాడు. ఐజాక్ సింగర్ తన యంత్రానికి 1851లో పేటెంటు పొందాడు. తరువాత సాగిన వ్యాజ్యాల ఫలితంగా ప్రధాన పేటెంటుదారులు 1856లో ఒక ఒప్పందానికి వచ్చారు. అదే సంవత్సరం సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతిని ప్రవేశపెట్టింది. నూరు డాలర్లకు పైబడిన యంత్రం, అంటే కూలివాని కొన్ని నెలల సంపాదనకు సమానమైన వస్తువు, అలా మధ్యతరగతి ఇళ్లకు చేరింది. చేత్తో 14 గంటల 26 నిమిషాలు పట్టే పురుషుల చొక్కా యంత్రంపై 1 గంట 16 నిమిషాల్లో తయారవుతుందని వీలర్ అండ్ విల్సన్ కంపెనీ ప్రకటించుకుంది. చొక్కాల కోసం కొన్న యంత్రం తీరిక వేళల్లో క్విల్టుల పైపొరలను అతికే పనికీ వచ్చింది.

ఆ తొలి దశాబ్దాలలో యంత్రపు కుట్టును ఎవరూ దాచలేదు. రంగుగుడ్డపై తెల్లదారంతో, కొట్టొచ్చినట్టు కనిపించేలా యంత్రంతో కుట్టిన 19వ శతాబ్దపు క్విల్టులు కొన్ని మిగిలి ఉన్నాయి. ఇంట్లో మిషన్ ఉందని చాటుకోవడం కూడా ఆ కుట్టు ఉద్దేశాలలో ఒకటని క్విల్టు చరిత్రకారులు భావిస్తారు. బానిసత్వంలో పుట్టిన జార్జియా రాష్ట్రపు నల్లజాతి కళాకారిణి హారియట్ పవర్స్ 1885-86 ప్రాంతంలో బైబిల్ ఘట్టాలతో చేసిన క్విల్టు నేడు స్మిత్‌సోనియన్ సంస్థ సేకరణలో ఉంది. అందులోని బొమ్మల అతుకుల్లో చేతికుట్టు, మిషన్ కుట్టు రెండూ కనిపిస్తాయి. అయినా మూడు పొరలనూ కలిపే క్విల్టింగ్‌కు యంత్రం అంతగా లొంగలేదు. దీనికి కారణం దాని ఆకృతిలోనే ఉంది. సూదికి, యంత్రపు నిలువు స్తంభానికి మధ్య ఉండే జానెడు సందులోంచి మంచమంత దూది దుప్పటిని చుట్టచుట్టి దూర్చాలి. గుడ్డను అదిమే ‘ఫుట్’ కింద ఉండే పళ్లు అడుగుపొరను మాత్రమే వెనక్కి లాగుతాయి కాబట్టి పైపొర వెనుకబడి ముడతలు పడుతుంది. పైగా ఆ పళ్లు గుడ్డను ఒకే దిక్కుకు నడిపిస్తాయి కాబట్టి తిన్నని గీతలు తప్ప ఈకల వంటి వంపులు తిప్పడం దుస్సాధ్యం.

20వ శతాబ్దం మొదట్లో యంత్రపు కుట్టు గౌరవం పోగొట్టుకుంది. అమెరికా వలసకాలపు ఇల్లు, వస్తువులు, అలవాట్లపై మోజు పెరిగిన ఆ రోజుల్లో క్విల్టు పూర్వపు ముత్తవ్వల ఓర్పుకు చిహ్నమైంది. 1915లో మేరీ వెబ్‌స్టర్, 1929లో రూత్ ఫిన్లీ ప్రచురించిన గ్రంథాలు ఈ దృష్టికి బలం చేకూర్చాయి. యంత్రాలు, కర్మాగారాలు నిండిన కాలంలో చేతికుట్టుకు కొత్త విలువ ఏర్పడి, తాతలనాడు హోదాగా చెల్లిన మిషన్ కుట్టు మనవరాళ్ల నాటికి తొందరపాటు పనిగా కనబడసాగింది. సియర్స్ కంపెనీ 1933 చికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా నిర్వహించిన జాతీయ పోటీకి సుమారు 24,000 క్విల్టులు వచ్చాయి. 1,000 డాలర్ల అగ్రబహుమతి కెంటకీ రాష్ట్రం నుంచి వచ్చిన, అతి సన్నని చేతికుట్టు గల క్విల్టుకు దక్కింది. బహుమతి అందుకున్నామె మాత్రం అందులో ఒక్క కుట్టు కూడా వేయలేదని, కూలికి కుదిరిన స్త్రీలే దాన్ని కుట్టారని తరువాత పరిశోధకులు బయటపెట్టారు. కుట్టు చేతిదే అయినా ఆ చేయి ఎవరిదన్న ప్రశ్నను నాటి పోటీ లోకం పట్టించుకోలేదు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం క్విల్టుపై మోజు తగ్గి, 1970లలో తిరిగి వచ్చింది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం క్విల్టులను చిత్రాల వలె గోడకు వేలాడదీసి ప్రదర్శించడంతో దుప్పటికి కళావస్తువు హోదా లభించింది. దేశపు రెండు వందల ఏళ్ల ఉత్సవాలు జరిగిన 1976 నాటికి ఈ ఆసక్తి ఊరూరా పాకింది. ఈ పునరుద్ధరణ ప్రధానంగా చేతికుట్టు పేరిట సాగినా, యంత్రానికి దారి తెరిచినవారూ అప్పుడే కనిపిస్తారు. నెబ్రాస్కాలోని డేవిడ్ సిటీ ప్రాంతపు రైతు, ఇంజనీరింగ్ చదివిన ఎర్నెస్ట్ హెయిట్ ఇంటి మిషన్‌తోనే క్విల్టింగ్ చేసే పద్ధతిని వివరిస్తూ 1974లో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. అంచు నుంచి అంచుకు ఏటవాలుగా సాగి, అంచు తగలగానే దారం తెంపకుండా మళ్లీ వెనుదిరిగే గీతలు అతని పద్ధతికి మూలం. దారపు మొదళ్లను, చివరలను ముడివేసి దాచే శ్రమను అది చాలావరకు తప్పించింది. పోగులు అంటుకుని జారని పాలిస్టర్ పొరలు కూడా అదే కాలంలో దూదికి బదులుగా వాడుకలోకి వచ్చాయి. కుట్ల మధ్య ఎడం పెంచే వీలు కలగడంతో, ఎంత దగ్గరగా కుట్టాలన్నది దూది నిర్ణయించే స్థితి పోయి కళాకారుల ఇష్టానికి వచ్చింది.

యంత్రంతో వంపులు తిప్పడాన్ని ఒక శాస్త్రంగా నేర్పినవారిలో 1980లలో పేరు పొందిన కొలరాడో రాష్ట్రపు ఉపాధ్యాయురాలు హారియట్ హార్‌గ్రేవ్ ముఖ్యురాలు. ఆమె ప్రచారం చేసిన పద్ధతిని ‘ఫ్రీ మోషన్’ అంటారు. గుడ్డను లాగే పళ్లను కిందికి దించివేసి, రఫూ పనికి వాడే ఫుట్‌ను అమర్చి, రెండు చేతులతో దుప్పటిని సూది కింద ఎటు కావాలంటే అటు నడపడమే ఇందులోని కిటుకు. అప్పుడు సూది ఒకచోట నిలిచిన కలం వలె, గుడ్డ దాని కింద కదిలే కాగితం వలె పనిచేస్తాయి. చేతుల వేగానికి, మోటారు వేగానికి పొత్తు కుదరకపోతే ఒకచోట కుట్లు బారుగా, మరొకచోట ఇరుకుగా పడతాయి. ఆ పొత్తు చేతికి అలవడటానికి నెలల తరబడి సాధన కావాలి. తిన్నని గీతలకు మాత్రం పైపొరను కూడా పళ్లతో సమంగా నడిపే ‘వాకింగ్ ఫుట్’ను వాడతారు.

కెంటకీలోని పడూకా పట్టణంలో 1984లో ఏర్పడిన అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ఏటా నిర్వహించే పోటీలో, 1989లో ఉత్తమ క్విల్టు బహుమతి కారిల్ బ్రయర్ ఫాలర్ట్ చేసిన ‘కరోనా 2: సోలార్ ఎక్లిప్స్’కు దక్కింది. సూర్యగ్రహణపు కాంతివలయాన్ని తలపించే ఆ క్విల్టు పూర్తిగా యంత్రంతో క్విల్టింగ్ చేసినది. ఆ పోటీలో అగ్రస్థానం పొందిన మొదటి యంత్రపు క్విల్టు అదే కావడంతో అభినందనలతోపాటు తీవ్ర నిరసనలు కూడా వచ్చాయి. దాని గుడ్డకు కళాకారిణి స్వయంగా రంగులద్దింది, డిజైన్ ఆమెదే, ప్రతి వంపునూ ఆమె చేతులే నడిపాయి. నిరసనకారుల అభ్యంతరం సూదిని మోటారు నడపడం ఒక్కదానిపైనే. ఇతరుల చేత కుట్టించిన చేతికుట్టుకు 1933లో అగ్రపీఠం, తానే కుట్టిన యంత్రపు కుట్టుకు 1989లో అభ్యంతరం ఎదురైన తీరును పక్కపక్కన పెట్టి చూస్తే, ‘చేతిపని’ అన్న మాట పనిచేసిన మనిషిని కాక పనిముట్టును సూచించేదిగా ఎలా కుదించుకుపోయిందో తెలుస్తుంది.

ఇదే కాలంలో యంత్రపు ఆకారం కూడా మారింది. ‘లాంగ్ ఆర్మ్’ అనే పొడవు చేతి మిషన్‌లో దుప్పటి చట్రానికి చుట్టుకుని కదలకుండా ఉంటుంది, చక్రాలపై నిలిచిన మిషన్ పిడులు పట్టుకున్న మనిషి నడిపినట్టల్లా దానిపై తిరుగుతుంది. 1980లలో మిస్సోరీ రాష్ట్రపు గామిల్ కంపెనీ యంత్రాలతో ఇది ఇళ్లకు, చిన్న దుకాణాలకు చేరింది. తమ పైపొరలను ఇతరుల చేత క్విల్టింగ్ చేయించుకునే పాత ఆచారం ఈ యంత్రాలతో ఒక కొత్త వృత్తిగా స్థిరపడింది. ఒకప్పుడు దారం కొలిచి ఇచ్చిన కూలి ఇప్పుడు చదరపు అంగుళాల లెక్కన చెల్లుతుంది. పొడవాటి కాగితంపై గీసిన డిజైన్‌ను కాంతి చుక్కతో అనుసరిస్తూ దుప్పటంతా ఒకే నమూనా నింపే ‘పాంటోగ్రాఫ్’ పద్ధతి చవక. పైపొరలోని ఒక్కొక్క భాగానికి తగిన డిజైన్‌ను ఎంచి స్వేచ్ఛగా వేసే పని ఖరీదైనది. 1990ల చివర కంప్యూటర్ నడిపే యంత్రాలు కూడా వచ్చాక, ఇలా పూర్తి చేయించుకున్నవాటిని ‘చెక్కుతో కుట్టిన క్విల్టులు’ అని ఎత్తిపొడవడం పరిపాటి అయింది.

అయినా ఈ యంత్రాలు తెచ్చిన సృజనాత్మక ఫలితం తక్కువది కాదు. చేత్తో నెలలు పట్టే సాంద్రతను రోజుల్లో సాధించే వీలు కలగడంతో, ఖాళీని నింపే సన్నని కుట్టే ఒక అలంకార భాషగా ఎదిగింది. తనను తాను దాటకుండా మెలికలు తిరిగే ‘స్టిప్లింగ్’, ఒక ఆకారం చుట్టూ అలల్లా వ్యాపించే ‘ఎకో’, నేపథ్యమంతా జుట్టుపాయల్లా పారే గీతలు అందులోని ప్రధాన రీతులు. మిన్నెసోటా కళాకారిణి కారెన్ మెక్‌టావిష్ పేరుతోనే ‘మెక్‌టావిషింగ్’గా ఈ చివరి రీతి ప్రసిద్ధికెక్కింది. నేపథ్యాన్ని ఇలా గట్టిగా అణిచి కుట్టినప్పుడు, కుట్టకుండా వదిలిన ఈకలు, పూలు సిసిలీ క్విల్టులోని బొమ్మల వలె ఉబికి కనిపిస్తాయి. లాంగ్ ఆర్మ్ లేకుండా ఇంటి మిషన్‌పైనే ఇంతటి పనితనం సాధ్యమని డయాన్ గాడిన్‌స్కీ వంటివారు బహుమతులు పొంది నిరూపించారు. చేతి కదలికను పసిగట్టి కుట్టు నిడివిని సమంగా ఉంచే ఫుట్‌ను బెర్నినా కంపెనీ 2004లో ఇంటి మిషన్లకు తెచ్చాక, సాధనలోని మొదటి అడ్డంకి కొత్తవారికీ తగ్గింది.

ఈ చరిత్రలో చేతిపనికి నిలకడైన నిర్వచనం ఏ దశలోనూ లేదు. యంత్రం అరుదైనప్పుడు దాని కుట్టు గొప్పగా, విరివి అయినప్పుడు చవకగా తోచింది. నైపుణ్యం దాన్ని లొంగదీసుకున్నాక అది మళ్లీ కళ అయింది. పోటీల నిర్వాహకులు చివరకు ఈ వాదాన్ని తత్త్వంతో కాక వర్గీకరణతో పరిష్కరించారు. పడూకా పోటీలో నేడు చేతికుట్టు పనితనానికి ఒక బహుమతి, ‘నిలకడ యంత్రం’ పనితనానికి ఒకటి, ‘కదిలే యంత్రం’ పనితనానికి మరొకటి వేరువేరుగా ఇస్తున్నారు. నిలకడ యంత్రమంటే సూది కింద గుడ్డను కదిపేది, కదిలే యంత్రమంటే గుడ్డపై సూదిని కదిపేది. రెండింటిలోనూ ఆ కదలికను నడిపే చేతి పనితనానికే బహుమతి.